ఊళ్ళో వీరగల్లును చదివి, నమోదు చేయడం ఎలా?

చెరువు కట్ట మీదో పొలిమేరలోనో ఆయుధం పట్టిన మనిషి బొమ్మతో నిలువు రాయి ఉంటే అది వీరగల్లు కావచ్చు. ఆవుల మందను తోలుకుపోయే దండుకు అడ్డుపడో, పులితో తలపడో చచ్చిపోయినవాళ్ళ గుర్తుగా నిలిపిన రాళ్ళివి. బాణులు, వైదుంబులు అనే పాత రాజవంశాల కాలం నాటివి రాయలసీమలో ఉన్నాయి. రాజుల దానశాసనాల్లో చోటు దక్కని మామూలు మనుషుల పేర్లు వీటి మీద దొరుకుతాయి. అందుకే ఒక్క అక్షరం కూడా పోనివ్వకూడదు.

అంతస్తులుగా చెక్కి ఉంటే కింది నుంచి పైకి చదవండి. అడుగున పోరు, నడుమ వీరుణ్ణి తీసుకెళ్ళే అప్సరసలు, పైన శివలింగం, కొసన సూర్యచంద్రులు. ఒకే బొమ్మ ఉన్నవీ ఉంటాయి. తన తల తానే కోసుకుంటున్నట్టుంటే అది ఆత్మబలి. గాజులతో పైకెత్తిన చెయ్యి మాత్రమే ఉంటే సతి రాయి, అంటే భర్త చితిలో ప్రాణం విడిచిన ఆమె గుర్తు.

పూజలందుకునే రాయైతే ముందు ఊరి పెద్దలను అడగండి. మంచినీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. యాసిడ్, ఇనుప బ్రష్షు వాడితే పైపొర లేచిపోతుంది. అక్షరాలను సుద్దతో దిద్దవద్దు. మీరు ఊహించినదే రాయి మీద మిగులుతుంది, తరవాత వచ్చినవాళ్ళు దాన్నే చదువుతారు. శాసనాలను తప్పుగా చదవడం ఇలాగే మొదలవుతుంది.

మిట్టమధ్యాహ్నం ఫొటో ఒక్కటే సరిపోదు, ఎండ పైనుంచే పడడంతో నిలువు గీతలకు సరిగా నీడ పడదు. చీకటి పడ్డాక కెమెరాను రాయికి ఎదురుగా స్టాండు మీద కదలకుండా పెట్టి, టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టు ఏటవాలుగా పట్టుకోండి. ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫొటోలు తీయాలి. వెలుతురు వచ్చే దిక్కులోనే సాగే గీతకు నీడ ఉండదు కాబట్టి ఒక్క ఫొటోలో కొన్ని గీతలు మాయమవుతాయి. పక్కన స్కేలు పెట్టండి.

ఎత్తు, వెడల్పు, మందం, ముఖం ఏ దిక్కు, సర్వే నంబరు, ఊరివాళ్ళు పిలిచే పేరు, జాతర రోజు రాసుకోండి.

రాయిని గుడి దగ్గరికి తరలించవద్దు. ఆ వీరుడు ఎక్కడ పడిపోయాడో చెప్పే ఆధారం ఆ చోటే కావచ్చు. సిమెంటు దిమ్మె కడితే అడుగు పంక్తులు పూడిపోతాయి, రంగు వేస్తే అక్షరాల గాడి నిండిపోతుంది. ఒరిగిపోయినా, గుప్తనిధుల కోసం ఎవరైనా తవ్వినా, ఉన్నదున్నట్టు ఫొటో తీసి రాష్ట్ర పురావస్తు శాఖకు తెలపండి. అక్షరాలుంటే ఆ ఫొటోలను మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి కూడా పంపండి.