నేరోగేజ్ బండి మోడల్ మొండికేస్తే: ఏం కనిపిస్తే ఎక్కడ వెతకాలి

నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా ఒకప్పుడు 762 మి.మీ. గేజి (రెండు పట్టాల మధ్య దూరం) మీద చిన్న బండి నడిచేది. 1900లో పర్లాకిమిడి దాకా మొదలైన ఆ లైన్ ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది. అలాంటి బండిని మళ్లీ కదిలించాలంటే మనకు మిగిలిన దారి సిమ్యులేటరే. నేను బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి, ఓపెన్ రైల్స్ అనే రైలు సిమ్యులేటర్‌లో నడుపుతాను. ఇక్కడ ఉదాహరణలకు మాత్రం డార్జిలింగ్ బి క్లాస్ ఇంజిన్‌ను తీసుకుంటున్నాను. 610 మి.మీ. గేజి, నాలుగే చక్రాలు, నాలుగూ లాగేవే. చక్రం వ్యాసం 26 అంగుళాలు, పిస్టన్ నడక 14 అంగుళాలు. లెక్కలు చూపించడానికి ఇంతకంటే వీలైన ఇంజిన్ లేదు.

ఓపెన్ రైల్స్ పుట్టింది పెద్ద బళ్ల కోసం. మనం చెప్పని చోటల్లా 1435 మి.మీ. స్టాండర్డ్ గేజి అనుకుని లెక్క వేసుకుంటుంది. అందుకే ఏ తేడా వచ్చినా నేను ముందు గేజి చూస్తాను, తర్వాతే మిగతావి.

చక్రాలు పట్టాల మీద కూర్చోవడం లేదు

రెండు పక్కలా సమానంగా, ఒక్కో పక్క సుమారు 76 మి.మీ. బయటికి వచ్చాయా? అయితే 762 కొలతతో చేసిన బండిని 610 పట్టాల మీద పెట్టారన్నమాట. ఆ రెండు గేజిల తేడా 152, అందులో సగం 76. బండిని మొత్తంగా కుదించి సరిచేయకండి, గేజితో పాటు బాడీ కూడా చిన్నదైపోతుంది. ఇరుసు మీద చక్రాలను మాత్రం జరపండి.

తేడా 76 కంటే బాగా తక్కువైతే అది వేరే జబ్బు. గేజి అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. చక్రాల వీపుల మధ్య దూరం అంతకంటే తక్కువ ఉండాలి, లేకపోతే ఫ్లాంజ్ (చక్రానికి లోపలివైపు పొడుచుకొచ్చిన అంచు) పట్టాలోకి చొచ్చుకుపోతుంది. మొదట్లో నేను వీపుల మధ్యే 610 పెట్టి, రెండు రోజులు పట్టాల మోడల్‌ను తిట్టుకున్నాను.

బండి మొత్తం గాల్లో తేలుతుంటే ఇంత ఆలోచన అక్కర్లేదు. మోడల్ మూలబిందువు పట్టా పైఅంచు ఎత్తులో ఉందో లేదో, బ్లెండర్‌లో ఒక యూనిట్ ఒక మీటరుగా ఉందో లేదో చూడండి.

చక్రం తిరుగుతోంది కానీ బండి జారుతున్నట్టుంది

వ్యాసార్ధం రాయాల్సిన చోట వ్యాసం రాసి ఉంటారు. 26 అంగుళాలంటే 0.66 మీటర్లు, ఫైల్‌లో ఉండాల్సింది 0.33. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో ఈ చక్రం సెకనుకు రెండు చుట్లు తిరగాలి. 0.66 రాస్తే ఒక్క చుట్టే తిరిగి, చక్రం ఈడ్చుకుపోతున్నట్టు కనిపిస్తుంది. ఇంజిన్ ఫైల్‌లో ఈ విలువ వ్యాగన్ భాగంలో ఒకసారి, ఇంజిన్ భాగంలో ఒకసారి వస్తుంది. ఒకచోట మార్చి రెండోది మర్చిపోవడం మామూలే.

రాడ్లు కుంటుతున్నాయి

అన్నిటికంటే ఎక్కువ టైం తినేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

రాడ్ అసలు కదలకుండా వణుకుతుంటే మీరు 0 డిగ్రీల దగ్గర ఒక కీ (ఆ క్షణంలో భాగం ఏ భంగిమలో ఉండాలో చెప్పే గుర్తు), 360 దగ్గర ఒక కీ పెట్టారు. ఆ రెండూ ఒకే భంగిమ. మధ్యలో చుట్టు తిరగాలని సిమ్యులేటర్‌కు ఎలా తెలుస్తుంది? 180 దగ్గర ఇంకో కీ పెట్టినా చాలదు, ఎటు తిప్పాలో దానికి తేలదు.

రాడ్ తిరుగుతోంది కానీ క్రాంక్ పిన్ (రాడ్‌ను చక్రానికి కలిపే మేకు) నుంచి జారి మళ్లీ అతుక్కుంటోందా? చక్రం గుండ్రంగా తిరుగుతుంది. కప్లింగ్ రాడ్ (చక్రాలను ఒకదానితో ఒకటి కలిపేది) మాత్రం ఒక కీ నుంచి ఇంకో కీకి సరళరేఖలో వెళ్తుంది. అంటే వృత్తం బదులు బహుభుజి గీస్తుంది. బి క్లాస్‌లో నడక 14 అంగుళాలు కాబట్టి క్రాంక్ పొడవు 7 అంగుళాలు, అంటే 178 మి.మీ. చుట్టుకు నాలుగే కీలు పెడితే రెండు కీల నడుమ రాడ్ కేంద్రానికి 126 మి.మీ. దూరానికి వచ్చేస్తుంది. పిన్ అక్కడ, రాడ్ ఇక్కడ. ఎనిమిది కీలు పెడితే 164, పదహారు పెడితే 175. ఎనిమిదితో దూరం నుంచి చూస్తే సరిపోతుంది. డార్జిలింగ్‌లో బండి రోడ్డు పక్కనే నెమ్మదిగా పోతుంది, రాడ్లు కళ్లముందే ఉంటాయి. అందుకే నేను పదహారే పెడతాను. చివరి కీ మొదటి కీకి అచ్చమైన నకలుగా ఉండాలి, లేకపోతే చుట్టుకొకసారి కుదుపు వస్తుంది.

ఇంకోటి: ఎడమ పక్క చేసి కుడి పక్కకు అద్దంలా తిప్పేస్తే రెండు క్రాంకులూ ఒకే భంగిమలో ఉంటాయి. అసలు ఇంజిన్‌లో వాటి మధ్య 90 డిగ్రీల తేడా ఉంటుంది. అది లేకపోతే రెండు పిస్టన్లూ ఒకేసారి చివరికి చేరతాయి, ఇంజిన్ అక్కడ ఆగితే మళ్లీ కదల్లేదు. సిమ్యులేటర్‌లో కదులుతుంది లెండి, కానీ రైలు తెలిసినవాడు చూడగానే పట్టేస్తాడు.

ఒక పక్క నల్లగా ఉంది, లేదా లోపలిది బయటికి కనిపిస్తోంది

ఇదీ అద్దం చేసిన పనే. స్కేల్ మైనస్‌లో మిగిలిపోయి ఫేసులు (మోడల్ పలకలు) తిరగబడ్డాయి. స్కేల్ అప్లై చేసి నార్మల్స్ (పలక ఎటు చూస్తోందో చెప్పే బాణాలు) బయటికి తిప్పండి. నంబర్ ప్లేటు అక్షరాలు ఎలాగూ తిరగబడతాయి, వాటిని విడిగా అతికించండి.

బోగీ తిరగడం లేదు

ముందు మాట తేడా. మనం బోగీ అంటే పెట్టె అనుకుంటాం. ఇక్కడ బోగీ అంటే పెట్టె కింద చక్రాలుండే చట్రం. ఫైల్‌లో పెట్టె మొత్తానికి బోగీ1 అని పేరు పెట్టినవాళ్లను చూశాను. పెట్టె పేరు మెయిన్. దాని కింద బోగీ1, బోగీ2. బోగీ1 కింద వీల్స్11, వీల్స్12. బోగీ2 కింద వీల్స్21, వీల్స్22. పేర్లు సరిగ్గా ఉన్నా చక్రాలు బోగీకి కాకుండా నేరుగా మెయిన్‌కు పిల్లలైతే (దానికే కట్టి ఉంటే), బోగీ తిరిగినా చక్రాలు తిన్నగానే పోతాయి. పేర్లూ వరసా బాగుండి కూడా బోగీ అడ్డదిడ్డంగా ఊగితే దాని పివట్ (తిరిగే బిందువు) మధ్యలో లేనట్టే.

మలుపులో పెట్టెలు ఒకదాంట్లో ఒకటి దూరిపోతున్నాయి

పెద్ద గేజి మోడళ్లు చేసి వచ్చినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. డార్జిలింగ్ లైన్‌లో అగోనీ పాయింట్ దగ్గర మలుపు వ్యాసార్ధం 18 మీటర్లే. 8 మీటర్ల పొడవు, 2.1 మీటర్ల వెడల్పు, బోగీల మధ్య 5 మీటర్లు ఉన్న పెట్టె అనుకుందాం. ఈ మలుపులో పెట్టె నడుము లోపలికి 17 సెం.మీ. జరుగుతుంది. కొసలు బయటికి 27 సెం.మీ. పొడుచుకొస్తాయి. రెండు పెట్టెల మధ్య అర మీటరు ఖాళీ వదిలితే లోపలి మూలలు 7 సెం.మీ. ఎడంతో తప్పించుకుంటాయి. ఖాళీ లేకపోతే ఒక్కో మూల 20 సెం.మీ. అవతలి పెట్టెలోకి పోతుంది.

కాబట్టి ఫైల్‌లో సైజ్ దగ్గర రాసే పొడవు పెట్టె గోడలది కాదు, కప్లింగ్ ముఖం నుంచి ముఖం దాకా. పై ఉదాహరణలో 8 కాదు, 8.5 రాయాలి. మోడల్‌లోనూ కప్లింగ్ అంత దూరం చాచి ఉండాలి, లేకపోతే పెట్టెల మధ్య గాలి తప్ప ఏమీ కనిపించదు.

మలుపులో బండి లెక్కలు తేడాగా ఉంటే ట్రాక్ గేజ్ వరసను ఫైల్‌లో విడిగా చేర్చారో లేదో చూడండి. అది లేకపోతే సిమ్యులేటర్ మీ బండిని స్టాండర్డ్ గేజి బండిగానే మలుపు తిప్పుతుంది.

రంగు గీతలు మిణుకుమిణుకుమంటున్నాయి

రెండు తలాలు ఒకేచోట ఉన్నాయి. గీతను టెక్స్‌చర్‌లోనే (మోడల్ మీద అతికే బొమ్మలోనే) వేసేయండి. తప్పదంటే ఒక సెంటీమీటరు ఎత్తులో పెట్టండి.

ఎత్తు ఎక్కడం లేదు, చక్రాలు ఉత్తినే తిరుగుతున్నాయి

ముందు బరువు చూడండి. టన్నులని రాయాల్సిన చోట అదే అంకెకు కిలోలని రాస్తే ఇంజిన్ బొమ్మంత తేలికైపోతుంది, పట్టాను పట్టుకోదు. బరువు సరిగ్గానే ఉంటే పెట్టెలు తగ్గించండి. 25కు 1 వాలులో టన్నుకు 40 కిలోల వెనక్కి లాగుడు ఉంటుంది. ఈ ఇంజిన్ బరువే సుమారు 15 టన్నులు. మూడు నాలుగు చిన్న పెట్టెలకే అది ఆయాసపడాలి, పడకపోతేనే అనుమానించాలి. చివరికి ఇసుక, చక్రాలకు పట్టు కోసం. అసలు బండి ముందు బీమ్ మీద ఇద్దరు కూర్చుని చేత్తో పట్టాల మీద ఇసుక చల్లుతూ పోయేవాళ్లు. మీ ఫైల్‌లో ఇసుక పెట్టె ఉందా, అందులో ఇసుక ఉందా, డ్రైవర్ సీట్లో కూర్చున్న మీరు ఆ మీట నొక్కారా?