తొలకరి పడ్డాక తోటలో, దొడ్లో గడ్డి కోసే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడితే చాలు, ఆరుద్ర పోయేసరికి ఇంటి చుట్టూ ఖాళీ జాగాలో, మామిడి సాళ్ల మధ్య, గట్ల మీద గడ్డి మోకాలి దాకా వస్తుంది. నాట్లు, కలుపులు అయ్యాక చూద్దాంలే అని వదిలేసి చాలామంది శ్రావణంలో గడ్డి కోసే మిషన్ (బ్రష్ కట్టర్) బయటికి తీస్తారు. అప్పటికి గడ్డి నడుమెత్తు ఉంటుంది. జానెడు గడ్డిలో రాయి, డ్రిప్ పైపు, పాము అన్నీ కనబడతాయి. నడుమెత్తు గడ్డిలో ఏదీ కనబడదు. కాబట్టి అన్నిటికంటే పెద్ద జాగ్రత్త మిషన్‌లో లేదు, ఎప్పుడు కోస్తామన్న దాంట్లో ఉంది. మొదటి మంచి వాన పడ్డ మూడు, నాలుగు వారాల్లో తొలి కోత అయిపోవాలి. ఆ తర్వాత వానాకాలం పోయేదాకా నెలకోసారి తిప్పుతుంటే పని తేలిక, పెట్రోలు తక్కువ, భయమూ తక్కువ.

ముందు ఒట్టి చేతులతో తిరగండి

మిషన్ పక్కన పెట్టి, కర్ర ఒకటి, నాలుగైదు వెదురు పుల్లలు, ఎర్ర గుడ్డ పీలికలు పట్టుకుని జాగా అంతా ఒకసారి నడవాలి. రోడ్డు పక్క తోటల్లో బీరు సీసాలు తప్పకుండా దొరుకుతాయి. కట్టడం పని జరిగిన చోట బైండింగ్ వైరు ముక్కలు, పాత కంచె దగ్గర ముళ్లతీగ ఉంటాయి. వీటిలో వైరు ముక్క మహా ప్రమాదం. రాయి తగిలితే బ్లేడు శబ్దం మారుతుంది, మనిషి ఆగుతాడు. వైరు ముక్క అలా కాదు, చప్పుడు లేకుండా విసురుగా ఎగిరి పిక్కలోనో కంట్లోనో దిగుతుంది. ముళ్లతీగైతే బ్లేడుకు చుట్టుకుని గేరుపెట్టెను పట్టేస్తుంది.

డ్రిప్ ఉన్న తోటలో 16 మిల్లీమీటర్ల లాటరల్ పైపులను ముందే ఎత్తి చెట్ల వరసకు దగ్గరగా వేసుకోవాలి. అది కుదరకపోతే పైపు పోయే దారి పొడవునా పుల్లలు గుచ్చాలి. పైపు తెగితే జాయినర్‌తో పోతుంది. బోరు మోటారు కేబుల్ తెగితే ప్రాణం మీదికి వస్తుంది. స్టార్టర్ ఆఫ్ చేశాం కదా అని ధీమా పడొద్దు. స్తంభం నుంచి స్టార్టర్ పెట్టె దాకా వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది, తోటల్లో నేల మీద పడి ఉండేది తరచుగా ఆ వైరే. ఆటో స్టార్టర్ పెట్టిన చోట త్రీ ఫేజ్ రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. అందుకని వైరు పోయే దారికి అటూ ఇటూ గజం వదిలి, కరెంటు పూర్తిగా తీయించాక ఆ పట్టీని కొడవలితో కోయండి. పక్క చేను వాళ్లు అడవి పందుల కోసం కరెంటు తీగ కట్టారేమో కూడా ముందే కనుక్కోవాలి. అలా కట్టడం నేరం. అయినా కడుతూనే ఉన్నారు, మనుషులు పోతూనే ఉన్నారు.

ఇక పాత బావులు. గట్టు గోడ లేని వ్యవసాయ బావి అంచును వానాకాలంలో గడ్డి, తీగలు కప్పేస్తాయి. అంచు మట్టి నాని ఉంటుంది. అంచుకు కనీసం 3 మీటర్ల దూరంలో చుట్టూ పుల్లలు పాతి, ఆ లోపల మిషన్‌తో అడుగు పెట్టకూడదు.

పాములు: ఏ వైపు నుంచి కోస్తున్నారన్నది ముఖ్యం

మిషన్ మోతకు పాములు పారిపోతాయని ఊళ్లో ఒక నమ్మకం ఉంది. నాగుపాము చాలాసార్లు పక్కకు తప్పుకుంటుంది. రక్తపింజర అలా కాదు, ఉన్న చోటే చుట్ట చుట్టుకుని గట్టిగా బుస కొడుతుంది. మామూలు రోజుల్లో ఆ బుసే మనల్ని కాపాడుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు, పైగా చెవుల్లో ప్లగ్గులు ఉన్నప్పుడు, అది వినబడదు. కాబట్టి ఆ పని కళ్లు చేయాలి. దట్టంగా ఉన్న చోట మిషన్ ఆపి, పొడుగు కర్రతో గడ్డి కదిలించి చూశాకే కోయండి. పిక్కల దాకా వచ్చే గమ్ బూట్లు తప్పనిసరి.

జాగా చుట్టూ తిరుగుతూ అంచుల నుంచి మధ్యకు కోసుకుంటూ పోవడం మనవాళ్ల అలవాటు. చూడ్డానికి నీటుగా ఉంటుంది. కానీ దానివల్ల లోపలున్న పాములు, కుందేళ్లు, కంజు పిట్టలు అన్నీ మధ్యలో మిగిలిన చిన్న మడిలోకి చేరతాయి, చివరి పట్టీలో అన్నీ ఒక్కసారే కాళ్ల కిందకు వస్తాయి. ఇంటి వైపు మొదలుపెట్టి కంచె వైపు కోసుకుంటూ పోతే వాటికి దారి ఉంటుంది, మనకూ ఇంటి చుట్టూ శుభ్రంగా ఉంటుంది. కోసిన గడ్డి కుప్పను చేత్తో ఎత్తకండి, దంతెతో లాగండి. ఇంటి గోడ పక్కన కుప్ప వేస్తే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి.

పాము కాటు వేస్తే కట్టు కట్టకూడదు, గాటు పెట్టకూడదు, నోటితో పీల్చకూడదు. కడియం, మెట్టెలు, ఉంగరం వాపు రాకముందే తీసేయాలి. కాలు కదలకుండా కర్ర ఆసరాగా పెట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లాలి. 108కు ఫోన్ చేసి, పాము కాటు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో అడగండి. పామును చంపి పట్టుకెళ్లే పని లేదు. మన దగ్గర ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. కాటు వేసిన టైమ్ మాత్రం గుర్తుంచుకుని డాక్టర్‌కు చెప్పండి. కట్లపాము కాటుకు నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనబడితే క్షణం ఆలస్యం చేయకూడదు.

పెట్రోలు, ఆయిలు

మీ బ్రష్ కట్టర్ టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అన్నది తేల్చుకోకుండా ట్యాంకులో ఏమీ పోయొద్దు. ఇంజన్‌కు ఆయిల్ మూత విడిగా ఉంటే అది ఫోర్ స్ట్రోక్, అందులో ఒట్టి పెట్రోలే పోయాలి. టూ స్ట్రోక్‌కు 2టీ ఆయిల్ కలపాలి: మిషన్‌తో వచ్చిన పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40. డబ్బాలో కలిపి, బాగా ఊపి, అప్పుడు ట్యాంకులో పోయాలి. నేరుగా ట్యాంకులో అందాజాగా రెండు మూతలు వేస్తే ఆయిలు సరిగా కలవదు, ఇంజన్‌కు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అందుతుంది. ఆయిలు ఎక్కువైతే పొగ వచ్చి ప్లగ్గు నల్లబడుతుంది, అది తుడిస్తే పోతుంది. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఇక ఖర్చు కొత్త మిషన్ దరిదాపుల్లో ఉంటుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో సగం ఖాళీ డబ్బాలో వారాల తరబడి ఉంచితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి, 2టీ ఆయిలు పైన పెట్రోలుతో ఉండిపోతుంది. ట్యాంకులో పీల్చే గొట్టం ఉండేది అడుగునే. అందుకని రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కలుపుకోండి. వాటర్ బాటిల్‌లో పెట్రోలు ఉంచడం మానేయాలి. దాహం వేసినవాళ్లు చూసుకోకుండా ఎత్తి తాగిన సంఘటనలు ఉన్నాయి.

ఫోర్ స్ట్రోక్ అయితే రోజూ పని మొదలుపెట్టే ముందు ఇంజన్‌ను సమంగా పెట్టి ఆయిలు చూడాలి. 35 సీసీ ఇంజన్‌లో పట్టేది దాదాపు 100 మిల్లీలీటర్లే. అంత తక్కువలో 30 తగ్గినా ప్రమాదమే. కొత్త మిషన్‌కు మొదటి 10 గంటలకు, తర్వాత 50 గంటలకోసారి ఆయిలు మార్చాలి. పెట్రోలు తిరిగి పోయాలంటే ఇంజన్ ఆపి పది నిమిషాలు చల్లారనివ్వండి. పోసిన చోటుకు 3 మీటర్ల అవతలికి వెళ్లి స్టార్ట్ చేయండి.

ఏ గడ్డికి ఏ బ్లేడు

గరిక, లేత గడ్డికి నైలాన్ తాడు చాలు. 2.4 లేదా 3 మిల్లీమీటర్లది, హెడ్డు మీద రాసి ఉన్న సైజుదే వేయాలి. ముదురు గడ్డికి మూడు పళ్ల బ్లేడు. సర్కారు తుమ్మ మొక్కలు, పొదలకు టిప్పులున్న రంపపు బ్లేడు. పశువులకు మేత కోసం కోసేటప్పుడు మాత్రం నైలాన్ వద్దు, తాడు ముక్కలు మేతలో కలిసి పశువు కడుపులోకి పోతాయి. నైలాన్ హెడ్డులో తాడుకు బదులు జీఐ వైరు వేసేవాళ్లు ఉన్నారు. అది తెగి ఎగిరితే ఎదుటివాడికి తూటా తగిలినట్టే.

బ్లేడు నట్టుకు మర రివర్స్‌లో ఉంటుంది: గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది, ఎదురు తిప్పితే బిగుస్తుంది. ఇది తెలియక బిగించామనుకుని వదులు చేసేవాళ్లు చాలామంది. బ్లేడు మార్చేటప్పుడు స్విచ్ ఆపడమే కాదు, స్పార్క్ ప్లగ్ క్యాపు కూడా లాగేయండి. బ్లేడులో వెంట్రుకంత పగులు కనబడినా పారేయాలి. వెల్డింగ్ చేయించి వాడకండి.

బ్లేడుకు అడ్డంగా ఉండే గార్డు గురించి ఒక్క మాట. గడ్డి ఇరుక్కుంటోందనో, పెద్ద బ్లేడు పట్టదనో గార్డు తీసేసిన మిషన్లే ఊళ్లో ఎక్కువ కనబడతాయి. గార్డు లేకపోతే ఎగిరే రాయికి, మీ మోకాలికి మధ్య అడ్డం ఏమీ లేనట్టే. కిరాయికి వచ్చే మనిషి మిషన్‌కు గార్డు లేకపోతే పని మొదలుపెట్టనివ్వకండి.

ఒంటి మీద

లుంగీ, పంచె, మెడలో వేలాడే కండువా, పైట కొంగు ఇవేవీ మిషన్ దగ్గరికి రాకూడదు. మందపాటి ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, పట్టు జారని గ్లౌజులు వేసుకోవాలి. జాలీ ముసుగు పెద్ద ముక్కలను ఆపుతుంది కానీ సన్నటి రాతి పొడిని ఆపదు, అందుకని లోపల కళ్లద్దాలు కూడా పెట్టుకోవాలి. ఇంజన్ మోత చెవి దగ్గర 100 డెసిబెల్స్ దరిదాపు ఉంటుంది, రోజంతా కోసేవాళ్లకు ప్లగ్గులు లేకపోతే వినికిడి తగ్గుతుంది.

బెల్టు రెండు భుజాలకూ వేసే రకం మంచిది. బెల్టుకు తగిలించి చేతులు వదిలితే బ్లేడు నేలకు కాస్త పైన సమంగా నిలబడాలి. ముందుకు వాలినా, పైకి లేచినా కొక్కెం జరపండి. అది సరిచేయకుండా కోస్తే గంటలో నడుము పట్టేస్తుంది, అలిసిన చేతికి బ్లేడు అదుపులో ఉండదు. పావుగంట కోసి రెండు నిమిషాలు దించడం అలవాటు చేసుకోండి.

కోసేటప్పుడు

పై నుంచి చూస్తే బ్లేడు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకని కుడి నుంచి ఎడమకు ఊపుతూ, బ్లేడు ఎడమ అంచుతో కోయాలి. గడ్డి కోసిన జాగాలో, ఎడమవైపు పడుతుంది. బ్లేడును గడియారం అనుకుంటే, ఎదురుగా 12 నుంచి కుడివైపు 3 దాకా ఉన్న భాగం మొద్దుకో రాయికో తగిలితే మిషన్ ఒక్క ఉదుటున కుడివైపు విసిరేస్తుంది. పక్కన మనిషి ఉంటే కాళ్లు పోతాయి. అందుకే 15 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు, పిల్లలు, మేకలు, కుక్కలు సహా. మాట్లాడాలని వచ్చేవాళ్లు వెనక నుంచి భుజం తట్టకూడదని ముందే చెప్పండి. ఎదురుగా వచ్చి చెయ్యి ఊపాలి, ఇంజన్ ఆగాకే దగ్గరికి రావాలి.

ఎక్సలేటర్ వదిలినా బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతుంది. ఐడిల్‌లో కూడా ఆగకుండా తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ ఎక్కువైనా ఉండాలి, క్లచ్ స్ప్రింగ్ పోయి అయినా ఉండాలి. అలాంటి మిషన్‌తో అడుగు వేయకూడదు.

నేల దాకా గీకేయకండి, మూడు నాలుగు అంగుళాలు వదలండి. గట్ల మీద ఇది మరీ ముఖ్యం. గడ్డి వేర్లు పట్టుకోకపోతే తర్వాతి జోరువానకు గట్టు కొట్టుకుపోతుంది. మంచు ఆరాక, ఎండ ముదరకముందు కోయడం మంచిది. తడి గడ్డి గార్డు కింద ముద్దకడుతుంది, కాలూ జారుతుంది. ఉరుము వినబడితే పని ఆపి పక్కా ఇంట్లోకి వెళ్లాలి, చెట్టు కిందకు కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

చెట్ల మొదళ్ల దగ్గర నష్టం చప్పుడు లేకుండా జరుగుతుంది. లేత మామిడి, జామ, సపోటా మొక్కల బెరడును నైలాన్ తాడు సులువుగా ఒలిచేస్తుంది. చుట్టూ బెరడు పోతే ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకు దిగదు. మొక్క కొన్ని నెలలు పచ్చగానే ఉండి తర్వాత ఎండిపోతుంది, అప్పుడు చీడ అనుకుని మందు కొడతారు. మొదలు చుట్టూ ఒకటిన్నర అడుగు కొడవలికే వదిలేయండి.

వయ్యారిభామ ఉంటే పూత రాకముందే, వాన పడ్డ మర్నాడు వేర్లతో సహా పీకడం మేలు. కోస్తే మళ్లీ చిగురిస్తుంది. పూతలో ఉన్నదాన్ని మిషన్‌తో కొడితే పుప్పొడి, ఆకు పొడి లేచి చర్మం మీద దద్దుర్లు, ఆయాసం వస్తాయి. దూలగొండి కాయలు ముదిరి ఉన్న పొదను మిషన్‌తో అసలు ముట్టుకోవద్దు. కాయల మీది నూగు గాలిలో లేస్తే కళ్లలో, మెడ మీద దురద భరించలేం. తుంగ సంగతి వేరు: దాని గడ్డలు నేలలో ఉంటాయి కాబట్టి ఎన్నిసార్లు కోసినా వస్తుంది, కోసి అలిసిపోవద్దు.

పని అయ్యాక

ఇంజన్ రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డి తీయండి, అది ఉంటే ఇంజన్ వేడెక్కుతుంది. ఎయిర్ ఫిల్టర్ ఫోమ్‌ను సబ్బునీళ్లలో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. 25 గంటలకోసారి గేరుపెట్టెలో గ్రీజు ఎక్కించాలి. సీజన్ అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. లేకపోతే కార్బ్యురేటర్‌లో మిగిలిన పెట్రోలు జిగురుపట్టి వచ్చే తొలకరికి స్టార్ట్ కాదు.

వేసుకున్న బట్టలు అక్కడే విప్పి వేడినీళ్లలో నానబెట్టి, ఒళ్లు సబ్బుతో రుద్దుకుని స్నానం చేయండి. గడ్డిలో ఉండే చిన్న నల్లి లాంటి పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినట్టు కూడా తెలియదు. చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు నల్ల పక్కుతో ఒక పుండు కనబడవచ్చు, నొప్పి ఉండదు. గడ్డి కోసిన మూడు వారాల లోపల తలనొప్పితో జ్వరం వస్తే డాక్టర్‌కు ఆ పని చేసినట్టు చెప్పి, ఒంటి మీద ఆ మచ్చ ఉందేమో చూపించండి. తొందరగా పట్టుకుంటే మామూలు మాత్రలతోనే తగ్గుతుంది.