లెపర్డ్ గెకో పెంపకం, 3వ పాఠం: పైనుంచి చేయి పెట్టకండి

ఈసారి లెపర్డ్ గెకో, అంటే మనం పెంచుకునే ఈ మచ్చల బల్లి, కుబుసం విడవడం గురించి రాయాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి నెట్టేస్తున్నాను. పోయిన పాఠం చదివి గెకోని చేతిలోకి తీసుకోబోతే తోక ఊడిపోయిందని కొందరు రాశారు. డల్లాస్‌లో ఒకరింట్లో పిల్లాడు పారిపోతున్నదాన్ని తోక పట్టుకుని ఆపాడట. ఊడిన తోక ట్యాంకులో గిలగిల కొట్టుకుంటుంటే, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మగారు బల్లి శాస్త్రం తీయమన్నారట. తీయనివ్వండి, గెకోకి నష్టమేమీ లేదు.

ముందు తోక సంగతి. శత్రువుకి తోక వదిలేసి ప్రాణం దక్కించుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన ఉపాయం. తోకలో విరిగే చోట్లు ముందే ఉంటాయి. విరగ్గానే అక్కడి కండరాలు బిగుసుకుంటాయి, రక్తం పెద్దగా పోదు. పసుపు అద్దకండి, ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ పూయకండి. ఇసుకో కొబ్బరి పొట్టో ఉంటే తీసేసి పేపర్ టవల్ పరిచి, రోజూ మార్చండి. కొవ్వు దాచుకునేది ఆ తోకలోనే కాబట్టి తిండి తగ్గించకండి. కొన్ని నెలల్లో కొత్త తోక వస్తుంది, కాకపోతే పొట్టిగా, ఉబ్బెత్తుగా, లోపల ఎముక బదులు మృదులాస్థితో. వాపు, చీము కనిపించినా, రక్తం ఆగకపోయినా సరీసృపాలను చూసే వెట్ దగ్గరికి వెళ్లండి. క్రెస్టెడ్ గెకో అనే మరో రకాన్ని పెంచేవాళ్లు మరింత జాగ్రత్త, దానికి తోక మళ్లీ రాదు.

ఇక అసలు తప్పు. మీ ఉత్తరాలన్నిటిలో ఉన్నది ఒక్కటే: పైనుంచి చేయి పెట్టారు. "మెల్లగానే పెట్టాం" అంటారు. మెల్లగా వచ్చినా గద్ద గద్దే. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, వాయవ్య భారతంలోని రాతి నేలల్లో బతికే జీవి ఇది. పైనుంచి నీడ పడిందంటే ఏదో తనని తినడానికి వచ్చిందనే దాని లెక్క. చేయి పక్కనుంచే పెట్టి, చివర్లో వేళ్లు వీపు మీదికి వంచినా పైనుంచి పెట్టినట్టే. అది దాక్కున్న గూడు ఎత్తేసి తీసుకోవడం ఇంకా ఘోరం.

ట్యాంకు మూత పైనే ఉంది, ఏం చేయమంటారు అంటారా? గెకోకి దూరంగా ఉన్న మూలలో చేయి దించండి. నేలకి ఆనాక, అరచేయి పైకి ఉంచి, నేల మీదుగానే జరపండి. ఛాతీ కింద వేళ్లు, పొట్ట కింద అరచేయి. నేనైతే ముందువైపు తలుపున్న ట్యాంకు తప్ప కొనను, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

తోక పైకెత్తి మెల్లగా ఊపుతోందా? భయపడుతోంది, చేయి తీసేయండి. పురుగుని చూసి తోక కొసని చకచకా ఆడిస్తే అది వేట, అప్పుడూ వేలు పెట్టకండి.

చేతిలోకి వచ్చాక మీరు నేల మీద కూర్చునే ఉండాలి. మన ఇంటి బల్లిలా దీని వేళ్లకి అంటుకునే మెత్తలు లేవు, జారితే పడిపోతుంది. పది నిమిషాలు చాలు.

చేతులు ముందూ కడగాలి, తర్వాతా కడగాలి. వేళ్లకి పురుగుల వాసన ఉంటే కొరుకుతుంది. తర్వాత కడిగేది సాల్మొనెల్లా అనే, జబ్బు తెచ్చే బ్యాక్టీరియా అంటకుండా, సబ్బుతో. అయిదేళ్ల లోపు పిల్లల చేతికి అసలు ఇవ్వకండి.

అభ్యాసం: వారం రోజులు గెకోని ఎత్తకండి. రోజూ చీకటి పడ్డాక, అది బయటికి వచ్చే వేళకి, అరచేయి ట్యాంకు నేల మీద పది నిమిషాలు కదలకుండా ఉంచండి. రెండో చేతిలో ఫోన్ ఉండకూడదు. అది ఎంత దగ్గరికి వచ్చింది, నాలుకతో తాకిందా, తోక ఎలా ఉంది, రాసి పెట్టుకోండి. దానంతట అది చేయెక్కితే ఎక్కనివ్వండి, ఎత్తడం మాత్రం వారం అయ్యాకే. తోక ఊడినవాళ్లకి ఇప్పుడే ఇది వద్దు, ముందు గాయం పూర్తిగా మానాలి.