ఎప్పుడో పోయిన లైసెన్స్ తుపాకీని తిరిగి రాబట్టుకోవడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒకప్పుడు తుపాకీ ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. ఉదయగిరి, రాపూరు వైపు వెలిగొండల కింద ఊళ్లలో, మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు నల్లమల అంచు ఊళ్లలో పంట మీద పడే అడవి పందుల కోసం లైసెన్స్ తీసుకున్న రైతులు ఉండేవారు. వాటిలో కొన్ని దొంగల పాలయ్యాయి. కొన్నిటిని నక్సలైట్లు ఇంటికొచ్చి పట్టుకెళ్లారు. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చల కోసం నక్సలైట్ పార్టీ పీపుల్స్ వార్ నాయకులు బయటికొచ్చింది దోర్నాల మండలం చిన్నారుట్ల దగ్గర, అంటే ఈ అడవిలోంచే. ఆ రోజుల్లో తుపాకీ పోయిందని చెప్పడానికి కూడా భయపడిన కుటుంబాలు ఉన్నాయి.

ఇన్నేళ్ల తర్వాత దాని జోలికి వెళ్లడం అవసరమా అంటే, అవసరమేనని గట్టిగా చెబుతాను. ఆ తుపాకీ ఏదో ఒక రోజు ఏదైనా నేరంలో బయటపడితే, దాని మీదున్న నంబరు పోలీసుల్ని నేరుగా మీ ఇంటికే తీసుకొస్తుంది. పోయినట్టు కాగితం మీద లేకపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పోయిన తుపాకీ ఎప్పుడో వేరే కేసులో పట్టుబడి, ఎవరిదో తెలియక ఏ స్టేషన్‌లోనో, ఏ కోర్టు ప్రాపర్టీ గదిలోనో చీటీ కట్టి పడి ఉండొచ్చు. దొంగను వెతకడం పోలీసుల పని. ఆ చీటీకి, మీ కాగితానికి లంకె కలపడం మీరు చేయగల పని.

మొదలుపెట్టే ముందు ఒక మాట. సొంతంగా తుపాకీ కోసం తిరగకండి. "మీది ఫలానా వాళ్ల దగ్గరుంది, ఇంత ఇస్తే తెచ్చిస్తాం" అని ఎవరైనా అంటే డబ్బులిచ్చి తీసుకోకండి. లైసెన్స్ గడువు తీరిపోయి ఉంటే ఆ తుపాకీ మీ చేతిలో ఉండటమే ఆయుధాల చట్టం కింద నేరం. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తుపాకీకి శిక్ష 2 ఏళ్లకు తగ్గదు, 5 ఏళ్ల దాకా పడొచ్చు. పాత ఇంటి అటక మీదో, పూడిక తీస్తుంటే బావిలోనో తుపాకీ కనిపించినా చెయ్యి పెట్టకుండా 112కో, స్టేషన్‌కో ఫోన్ చెయ్యండి.

ముందు నంబరు

తుపాకీ నంబరు తెలియకుండా ఎక్కడికెళ్లినా పని జరగదు. "నాయన డబుల్ బ్యారెల్ తుపాకీ" అంటే అలాంటివి జిల్లాలో ఎన్నో. కంపెనీ పేరు, బోరు (గొట్టం సైజు), బ్యారెళ్లు (గొట్టాలు) ఎన్ని, నంబరు ఎంత అనే నాలుగూ కావాలి. లైసెన్స్ పుస్తకంలో ఇవన్నీ మొదటి పేజీల్లోనే ఉంటాయి. అది పోయి ఉంటే కంగారు పడక్కర్లేదు, ఆ నంబరు రాసిన కాగితాలు ఇంకా ఉంటాయి.

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా లైసెన్స్ తుపాకుల్ని స్టేషన్‌లో గానీ, ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయిస్తారు. అప్పుడిచ్చే రసీదులో తుపాకీ నంబరు రాస్తారు. ఉదయగిరి వైపు మా బంధువుల ఇంట్లో లైసెన్స్ పుస్తకం చెదలు తినేసింది. ట్రంకు పెట్టె అడుగున పాత భూమి శిస్తు రసీదుల మధ్య నాలుగు మడతలు పెట్టిన చిన్న కాగితం దొరికింది. మడతల దగ్గర సిరా చెదిరిపోయినా "12 బోర్ డి.బి.బి.ఎల్." (డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్) అన్న మాట, దాని పక్కన నంబరు, కింద స్టేషన్ రౌండ్ సీలు స్పష్టంగా ఉన్నాయి. ఆ కాగితంతోనే వాళ్ల పని కదిలింది. కాబట్టి శిస్తు రసీదులు, పాస్ పుస్తకాలు, పెళ్లి లెక్కల పుస్తకాలు ఉన్న పెట్టెలన్నీ ఓపిగ్గా చూడండి. తుపాకీ కొన్న బిల్లు, తూటాలు కొన్నప్పటి బిల్లులు, రెన్యువల్‌కి కట్టిన చలాన్లు, ఏది దొరికినా పనికొస్తుంది.

ఇంట్లో ఏమీ దొరక్కపోతే లైసెన్స్ ఇచ్చిన కలెక్టరేట్‌లో మెజిస్టీరియల్ సెక్షన్‌ని అడగండి. లైసెన్సుల రిజిస్టరు వాళ్ల దగ్గర ఉంటుంది. మన దగ్గర చిక్కంతా "లైసెన్స్ ఇచ్చిన కలెక్టరేట్" ఏదన్న దాని మీదే. కందుకూరు, కనిగిరి, పొదిలి 1970 ఫిబ్రవరి 2 దాకా నెల్లూరు జిల్లాలోనివే. ఆ రోజు ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు అంతకు ముందు కర్నూలులో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న కందుకూరు మళ్లీ నెల్లూరులోకి వచ్చింది, గూడూరు తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్లలోకి వెళ్లాయి. ఆ తర్వాత కూడా సరిహద్దులు మారాయి. తాత 1960లలో తీసుకున్న కందుకూరు లైసెన్స్ మొదలు నెల్లూరులో, రెన్యువల్స్ ఒంగోలులో ఉండొచ్చు. ఒక ఆఫీసులో లేదన్నారని వెనక్కి రాకండి, రెండో చోటా అడగండి. అడిగేది నోటిమాటగా వద్దు, అర్జీ రాసి ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

తర్వాత పాత కేసు

తుపాకీ పోయినప్పుడు ఫిర్యాదు ఇచ్చి ఉంటే ఎఫ్ఐఆర్ నంబరు, సంవత్సరం తెలుసుకోవాలి. ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది 2016లో. అంతకు ముందువి ఆన్‌లైన్‌లో దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. స్టేషన్‌లో పాత రికార్డు లేదంటే ఇంకో దారి ఉంది. ప్రతి ఎఫ్ఐఆర్ ఆ ప్రాంతపు మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్తుంది. ఆ కోర్టులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. స్థానిక లాయరు గుమాస్తాలకు ఇది బాగా అలవాటైన పని, వాళ్ల సాయం తీసుకుంటే త్వరగా తెములుతుంది.

అప్పట్లో ఫిర్యాదే ఇవ్వకపోతే ఇప్పుడు ఇవ్వండి. తుపాకీ పోతే వెంటనే దగ్గరి స్టేషన్‌లో చెప్పాలన్నది లైసెన్స్ షరతుల్లోనే ఉంది, కాబట్టి ఆలస్యం ఎందుకైందో ఉన్నదున్నట్టు రాయాలి. భయపడి చెప్పలేదంటే అదే రాయండి. నాయన మంచాన పడ్డారు, ఆయనకే తెలుసు, మాకు ఇప్పుడే తెలిసింది అంటే అదే రాయండి. కథలు అల్లితే తర్వాత ప్రతి ప్రశ్నకూ తడుముకోవాల్సి వస్తుంది.

"ఇంత పాతది, కేసు కట్టడం కుదరదు" అని కొన్నిచోట్ల అంటారు. గడువు లెక్క మూడేళ్ల దాకా శిక్ష ఉండే నేరాలకే. ఇంట్లో జరిగిన దొంగతనానికి పాత ఐపీసీ 380 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, దానికి ఆ గడువు అడ్డు రాదు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. ఎస్సై తీసుకోకపోతే ఫిర్యాదు సారాంశం పోస్టులో ఎస్పీకి పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఇవన్నీ పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ఇచ్చిన హక్కులు.

పాత కేసు ఉంటే చాలావరకు "ఆచూకీ దొరకలేదు" అని మూసేసి ఉంటారు. మూసేసిన కేసు చచ్చిపోయినట్టు కాదు. కొత్త సమాచారం వస్తే పోలీసులు మళ్లీ దర్యాప్తు చేయొచ్చు. మీరు అర్జీ ఇవ్వాల్సింది అందుకే.

ఎస్పీ ఆఫీసులో ఏం అడగాలి

సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. నెల్లూరైనా, ఒంగోలైనా అక్కడికి వెళ్లి అర్జీ ఇవ్వండి. కోపాలు, పాత కష్టాలు పేజీల కొద్దీ రాయకండి, అసలు అడిగేది అందులో మునిగిపోతుంది. ఇలా రాస్తే చాలు:

"ఫలానా సంవత్సరంలో ఫలానా గ్రామంలోని మా ఇంటి నుంచి, మా తండ్రిగారి లైసెన్స్ మీద ఉన్న ఫలానా కంపెనీ 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ, నంబరు ఫలానా, దొంగతనానికి గురైంది. ఫలానా స్టేషన్‌లో ఫలానా క్రైమ్ నంబరుతో కేసు నమోదైంది. ఆ తేదీ తర్వాత ఏ కేసులోనైనా స్వాధీనం చేసుకున్న తుపాకులలో ఈ నంబరుది ఉందేమో జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ద్వారా సరిచూడవలసిందిగా, ఈ నంబరును సీసీటీఎన్ఎస్‌లో పోయిన ఆయుధంగా నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను."

చివరి వాక్యం ముఖ్యం. సీసీటీఎన్ఎస్ అంటే పోలీసు స్టేషన్లన్నిటినీ కలిపే కంప్యూటర్ వ్యవస్థ. పాత కేసుల్లోని నంబరు కంప్యూటర్‌లోకి ఎక్కకపోయి ఉండొచ్చు. ఎక్కితే రేపు ఇంకో జిల్లాలో పట్టుబడినా సరిపోల్చి చూసే వీలుంటుంది. అర్జీ కాపీ పక్క జిల్లాల ఎస్పీలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మనవైపు తుపాకీ కొండ దాటితే కడపలోనో, నంద్యాలలోనో తేలడానికి ఎంతో సేపు పట్టదు. నక్సలైట్లు తీసుకెళ్లినదైతే ఆ సంగతి తప్పక రాయండి. ఎదురుకాల్పుల్లో, డంపుల్లో దొరికిన ఆయుధాల కేసులు వేరు, అవి ఎక్కడ వెతకాలో పోలీసులకు తెలియాలి.

రెండు నెలలు గడిచినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. దర్యాప్తు వివరాలు అడిగితే ఇవ్వలేమని రాసేస్తారు. ఆ అవకాశం ఇవ్వకుండా అడగండి: కేసు ఏ తేదీన మూసేశారు, ఫిర్యాదుదారుకు నోటీసు ఏ తేదీన ఇచ్చారు, నా అర్జీ మీద ఎవరు ఏ చర్య తీసుకున్నారు.

దొరికిందని కబురొస్తే

అది మీదేనని తేల్చుకోవడం మొదటి పని. డబుల్ బ్యారెల్ తుపాకీలో నంబరు ఒక్కచోటే ఉండదు. చాలావాటికి బ్యారెళ్ల కింది వైపు, వాటిని బిగించే బాడీ మీద, ముందు చెక్క తీస్తే లోపలి ఇనుప ముక్క మీద కూడా ఉంటుంది. దొంగ పైకి కనబడేదాన్ని ఆకురాయితో అరగదీసి, లోపలిదాన్ని వదిలేసి ఉండొచ్చు. విప్పి చూడమని అడగండి, మీరు విప్పకండి. అన్నిచోట్లా అరగదీసినా దారి ఉంది. నంబరును సుత్తి దెబ్బతో అచ్చు గుద్దినప్పుడు దాని కింద లోహం కూడా నలిగి గట్టిపడుతుంది. పైపొర పోయినా ఆ నలిగిన భాగం మిగులుతుంది. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఆ చోటును నున్నగా చేసి యాసిడ్ లాంటి ద్రావణం పూస్తే, నలిగిన చోట, నలగని చోట లోహం వేర్వేరుగా కరిగి అంకెలు మసగ్గా పైకి తేలతాయి. ఎంత లోతుగా అరగదీశారన్న దాని మీద ఫలితం ఉంటుంది. నంబరు లేదని చెప్పి పంపించేస్తుంటే ఈ పరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడగండి.

మీదేనని తేలినా స్టేషన్ నుంచి నేరుగా చేతికివ్వరు. సంబంధిత మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయాలి. కేసు నడుస్తుంటే తాత్కాలిక కస్టడీకి అదే నాగరిక్ సురక్షా సంహితలో 497 సెక్షన్ కింద, పోలీసులు స్వాధీనం చేసుకున్నా విచారణ దశలో కోర్టు ముందు పెట్టనిదైతే 503 కింద వేస్తారు. అది హత్య కేసులో సాక్ష్యమైతే విచారణ ముగిసే దాకా వదలరు, ఓపిక పట్టాలి. పూచీకత్తు, ఫొటోలు, అడిగినప్పుడు తెచ్చి చూపిస్తామన్న హామీ అడుగుతారు.

ఇక్కడే చాలా కుటుంబాలు ఇరుక్కుంటాయి. తుపాకీ మీదే అయినా, చెల్లే లైసెన్స్ లేకపోతే కోర్టు దాన్ని మీ ఇంటికి పంపదు. లైసెన్స్ నాయన పేరు మీద ఉండి ఆయన కాలం చేసి ఉంటే, 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం కింద వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల నిరభ్యంతర పత్రం ముందే సిద్ధం చేసుకోండి. పోలీసు విచారణ మామూలుగానే జరుగుతుంది. ఒకరి పేరు మీద రెండు తుపాకులకు మించి ఉండకూడదన్నది 2019 నుంచి ఉన్న పరిమితి. లైసెన్స్ వద్దనుకుంటే, లైసెన్స్ ఉన్న డీలరుకు అప్పగించి అమ్మేలా ఆదేశం ఇవ్వమని కోర్టును కోరొచ్చు. వయసు మళ్లిన వాళ్లున్న ఇంటికి, పిల్లలు తిరిగే ఇంటికి నేను ఇదే సలహా ఇస్తాను.

తుపాకీ చేతికొచ్చాక లైసెన్స్‌లో దాని వివరాలు మళ్లీ ఎక్కించుకోండి, పాత కేసున్న స్టేషన్‌లో దొరికిన విషయం రాతలో ఇవ్వండి. ఎన్నేళ్లు ఎక్కడ పడి ఉందో తెలియని బ్యారెల్‌లో తుప్పు, సొట్టలు ఉంటాయి, అలాంటిది పేల్చితే చేతిలోనే చీలిపోవచ్చు. లైసెన్స్ ఉన్న తుపాకీ మెకానిక్ చేత పరీక్ష చేయించే దాకా అందులో తూటా పెట్టకండి. ఇంట్లో మిగిలిపోయిన పాత తూటాలు ఉంటే వాటినీ వాడకుండా, లెక్కతో సహా స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.