ఇటలీ పల్లెలో పాస్తా క్లాసుకు వెళ్లేముందు

ఈ వేసవిలో ఉత్తర ఇటలీలోని ఎమీలియా-రొమాన్యా ప్రాంతానికి వెళ్లి చేత్తో పాస్తా నేర్చుకోవాలనుకుంటే ఇవి చూసుకోండి.

– గుడ్డు తినకపోతే బుకింగ్‌ అప్పుడే చెప్పండి. అక్కడ 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు లెక్క, నీళ్లు పొయ్యరు. వెళ్లాక చెబితే డబ్బూ రోజూ రెండూ పోతాయి. అలాంటివాళ్లకు దక్షిణాన పూల్యా మేలు; అక్కడి ఒరెక్కియెత్తె అనే చిన్న చెవి ఆకారపు పాస్తాకి గోధుమ రవ్వపిండి, నీళ్లు చాలు.

– శాకాహారులూ, పార్మిజానో చీజ్ వేశారేమో అడిగాకే తినండి. దాని పాలను దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తో విరుస్తారు.

– తిరుగు బండి ముందే మాట్లాడుకోండి. ఆదివారాలు పల్లె బస్సులు బాగా తక్కువ.

– ఉంగరాలు తీసేయండి, సందుల్లో పిండి ఇరుక్కుంటుంది.

– ముద్దను మూతపెట్టి అరగంట వదలండి. తొందరపడితే ఎంత ఒత్తినా వెనక్కి ముడుచుకుంటుంది. గాలి తగిలితే పైన ఎండి, మడతలో పగులుతుంది.