టూరింగ్ బండికి టైర్ కొనేముందు పక్కనున్న ఆ నాలుగు అంకెలు చదవండి

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలానికి బండి మీద పోయేవాళ్లకు ఒక మాట. మనం ఎక్కువ తిరిగేది తిన్నని రోడ్డు మీదే కాబట్టి టైర్ నడుమ అరిగి చదునైపోతుంది. నా పాత టైర్ అలాగే అయింది. దోమలపెంట దాటాక ఘాట్ మలుపుల్లో బండి వంచితే ఒక్కసారిగా పక్కకు పడిపోతున్నట్టుండేది, ఒకటే టెన్షన్. అందుకే డ్యూయల్ కాంపౌండ్ టైర్ అడగండి. నడుమ గట్టి రబ్బరు ఎక్కువ కాలం వస్తుంది, అంచుల్లోని మెత్తటి రబ్బరు మలుపులో రోడ్డును పట్టుకుంటుంది.

టైర్ పక్కభాగం మీద డాట్ (DOT) అని ఇంగ్లిషులో ఉన్నచోట చివరి నాలుగు అంకెలు 2324 అయితే, 2024లో 23వ వారం తయారైందని. ఏళ్ల తరబడి షాపులో పడున్న టైర్ ఎంత తక్కువకిచ్చినా వద్దు. గాలి పొద్దున్నే, టైర్ చల్లగా ఉన్నప్పుడు చూపించండి.