విలేకరి మీకే ఫోను చేయాలంటే: బెంగళూరులో చిన్న వ్యాపారికి కొన్ని మెట్లు

పత్రికలో పావు పేజీ ప్రకటన వేయిస్తే ఆ రోజుకు నాలుగు ఫోన్లు వస్తాయి. మర్నాడు ఆ కాగితంలో పకోడీలు కడతారు. అదే పత్రికలో ఒక వార్త మధ్యన మీ పేరు, మీరు చేసే పని, మీరు చెప్పిన ఒక మాట పడితే సంగతి వేరు. జనం ప్రకటనను ప్రకటనగానే చూస్తారు. వార్తలో వచ్చిన మాటను మాత్రం కాస్త నమ్ముతారు. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ ఊరికే రాదు.

బెంగళూరులో ఒక తెలుగు పత్రిక డెస్కులో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. సాయంత్రం అయిదున్నరకు ఏ విలేకరి బుర్రలోనైనా తిరిగే ప్రశ్న ఒకటే: ఈ వార్తకు ఇప్పటికిప్పుడు ఎవరు మాట్లాడతారు? ప్రొఫెసరు ఫోను ఎత్తరు. అధికారి మీటింగులో ఉంటారు. ఆ వేళకు ఫోను ఎత్తి, రెండు వాక్యాల్లో, ఒక అంకెతో సహా, తన సరుకు ఊసు తేకుండా చెప్పగలిగిన మనిషే మర్నాటి పేజీలో నిపుణుడు. డిగ్రీలు, బిరుదులు ఆ తర్వాతి మాట.

1. ఒక్క ప్రశ్నను పట్టుకోండి

ఉదాహరణకు రామమూర్తినగర్‌లో ఇళ్లకు వాన నీటి గొట్టాలు, ఫిల్టర్లు, సంపులు అమర్చే ఒక తెలుగాయన ఉన్నారనుకుందాం. ఆయన "నీటి నిపుణుణ్ని" అని చెప్పుకుంటే ఎవరూ పట్టించుకోరు. ఆ పేరుకు తగిన శాస్త్రవేత్తలు ఈ ఊళ్లో కావలసినంత మంది ఉన్నారు. "30×40 అడుగుల స్థలంలో కట్టిన ఇంటికి వాన నీళ్లు ఎంత పనికొస్తాయి, ఎక్కడ పనికిరావు" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తన దగ్గర ఉందంటే మాత్రం ఆయనకు పోటీ తగ్గిపోతుంది. బెంగళూరులో సగం ఇళ్ల గొడవ ఆ కొలతలోనే కదా!

మీది టిఫిన్ సెంటరైనా, కుట్టు మిషన్ల మరమ్మతు అయినా ఇదే లెక్క. కొనేవాళ్లు మిమ్మల్ని పదేపదే అడిగే ప్రశ్న ఏదో చూడండి. పత్రిక చదివేవాళ్లకు కావలసిందీ అదే.

2. అంకె చేతిలో ఉండాలి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా విలేకరుల నంబర్లు వెతుక్కుంటారు. అందుకే వాళ్ల మాట పేజీ ఎక్కదు.

మన వాన నీటి ఆయన లెక్క ఎలా కడతారో చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే సుమారు 93 చదరపు మీటర్లు. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. రెండూ గుణిస్తే 90 వేల లీటర్లు. ఆవిరైపోయేది, మొదటి జల్లుతో పాటు బయటికి వదిలేసేది తీసేసి 80 శాతమే లెక్కలోకి తీసుకున్నా 72 వేల లీటర్లు మిగులుతాయి. వీధిలోకి వచ్చే చిన్న ట్యాంకరులో పట్టేది 6,000 లీటర్లు. అంటే ఏడాదికి 12 ట్యాంకర్లు.

"72 వేల లీటర్లు" అంటే చదివేవారికి ఏమీ తోచదు. "మీ డాబా మీద ఏడాదికి 12 ట్యాంకర్ల నీళ్లు పడుతున్నాయి" అంటే మహదేవపురలో 2024 వేసవిలో ట్యాంకరు కోసం తెల్లవారుజామున లేచిన ప్రతి మనిషికీ తగులుతుంది. అదే శీర్షిక కూడా అవుతుంది. మీ వ్యాపారంలో అలాంటి అంకె ఒకటి కచ్చితంగా ఉంటుంది. దాన్ని జనం రోజూ చూసే కొలతలోకి మార్చి పెట్టుకోండి.

దాని వెంట "కానీ" కూడా సిద్ధంగా ఉంచుకోండి. ఆ 12 ట్యాంకర్ల నీళ్లు ఒక్కరోజు రావు. మిగతా నెలల కంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువగా పడతాయి. సంపు చిన్నదైతే మిగిలింది కాలువ పాలే. ఈ "కానీ" చెప్పినవాణ్ని విలేకరి రెండోసారి కూడా పిలుస్తాడు. చెప్పనివాడు అమ్మకందారు అని మొదటిసారే తేలిపోతుంది.

మీ సొంత పనుల వివరాలు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోండి: ఏ వీధి, ఎంత డాబా, ఎంత ఖర్చు, ఏడాది తర్వాత ఏమైంది. ఇంటివారి అనుమతి లేకుండా వారి పేరు, చిరునామా ఎవరికీ ఇవ్వకండి. చట్టం సంగతులు కూడా తెలిసి ఉండాలి. 30×40 స్థలంలో కొత్తగా కట్టే ఇంటికి వాన నీటి ఏర్పాటును ఊరికి నీళ్లు సరఫరా చేసే జలమండలి (BWSSB) 2009లోనే తప్పనిసరి చేసింది. జయనగర్ అయిదో బ్లాకులో ఆ మండలి వాళ్లదే ఒక వాన నీటి ప్రదర్శన ఉద్యానం ఉంది. మీ రంగానికి సంబంధించిన నిబంధన మీకంటే ముందు విలేకరికి తెలిసి ఉంటే పరువు పోతుంది.

3. వెతికితే దొరకాలి

పేరు ఒక్కోచోట ఒక్కోలా కాకుండా అన్నిచోట్లా ఒకేలా రాయండి. గూగుల్ మ్యాపులో దుకాణం, పనిచేసే ఫోను నంబరు, మీ ఫొటో ఒకటి, చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యం నమోదు ఉంటే అది. ఇంతే చాలు. వెబ్‌సైటుకు డబ్బు పోయడం తర్వాత చూసుకోవచ్చు.

4. ఎవరికి చెప్పాలి?

రెండు వారాలు పత్రికలు చదవండి. మీ అంశం మీద ఎవరి పేరుతో వార్తలు వస్తున్నాయో రాసుకోండి. డెక్కన్ హెరాల్డ్, ప్రజావాణి రెండూ ఒకే సంస్థవి, రెండూ 1948లో మొదలైనవి. ఒకదానిలో మీ మాట వస్తే రెండోదాంట్లో వాళ్ల కంట పడే అవకాశం ఎక్కువ. తెలుగులో ఈనాడు, సాక్షి బెంగళూరు పాఠకుల కోసం పేజీలు ఇస్తూ వచ్చాయి. పెద్ద ఇంగ్లిషు పత్రిక మొదటి పేజీ మీద కన్నేయడం కన్నా ఈ స్థానిక పేజీలతో మొదలుపెట్టడమే నయమని నా అభిప్రాయం. అక్కడ పోటీ తక్కువ. మారతహళ్లిలోనో, కె.ఆర్. పురంలోనో ఉండే తెలుగువారే మీ ఖాతాదారులు కూడా.

అపార్టుమెంటు సంఘాల వాట్సాప్ గుంపులను, అవి వేసుకునే చిన్న పత్రికలను చిన్నచూపు చూడకండి. ఆ సంఘాల కార్యదర్శులను విలేకరులు తరచూ పలకరిస్తుంటారు. మీ పేరు అక్కడినుంచే వాళ్ల చెవిన పడుతుంది. నలుగురి ముందు మాట్లాడటం అలవాటు చేసుకోవడానికి రేడియో యాక్టివ్ 90.4 లాంటి కమ్యూనిటీ రేడియో మంచి చోటు.

5. మొదటి సందేశం

ఫోను చేసి అరగంట మాట్లాడకండి. ఉదయం పది, పదకొండు మధ్య, ఆ రోజు ఏం రాయాలో విలేకరులు తేల్చుకునే వేళకు, ఇలాంటి సందేశం ఒకటి పంపండి:

"నమస్కారమండీ. మొన్న ట్యాంకర్ల మీద మీరు రాసిన కథనం చదివాను. నేను ఈ చుట్టుపక్కల ఇళ్లకు వాన నీటి ఏర్పాట్లు చేస్తాను. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పడే వాన ఏడాదికి 12 ట్యాంకర్లకు సమానం. అయినా చాలా ఇళ్లలో గొట్టం నేరుగా కాలువలోకే పోతోంది. కారణాలు చెప్పగలను, ఫొటోలు ఉన్నాయి, మాట్లాడటానికి ఒప్పుకున్న ఇంటివారు ఇద్దరున్నారు. వానల ముందు దీని మీద రాసే ఆలోచన ఉంటే సాయంత్రం ఏడు దాకా ఎప్పుడైనా ఫోను చేయండి."

ఇందులో తగ్గింపు ధర లేదు, దుకాణం గొప్ప లేదు. ఒప్పుకున్న ఇద్దరు ఇంటివారు ఉన్నారన్న మాటే అసలు ఎర. విలేకరికి అన్నిటికంటే కష్టమైన పని అలాంటివాళ్లను వెతకడమే.

అదను చూసుకుని పంపాలి. ఈ వ్యాపారానికైతే మార్చి 22న ప్రపంచ జల దినోత్సవం, జూన్ మొదటి వానలు, జలమండలి కొత్త ఉత్తర్వు వచ్చిన రోజు. ఉత్తర్వు వచ్చిన రోజు మధ్యాహ్నంలోగా పంపితే ఫలితం ఉంటుంది. మర్నాడు పంపితే అది చరిత్ర. జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి. ఆ తర్వాత ఊరుకోండి.

6. ఫోను వచ్చిన రోజు

ముందు అడగాల్సింది ఒకటే: "మీకు ఎన్నింటికి కావాలండీ?" ఆరింటికి కావాలంటే అయిదున్నరకు ఇవ్వండి. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, తెలిసినవారి నంబరు, వారిని అడిగి, ఇవ్వండి. అచ్చు వేసే ముందు నాకు చూపించమని అడగకండి. చాలా పత్రికల్లో అది కుదరదు, పైగా చిరాకు. కావాలంటే "అంకెలు మాత్రం ఒకసారి చదివి వినిపిస్తారా?" అనండి, ఎవరూ కాదనరు. అచ్చులో రాకూడనిది ఏదైనా ఉంటే అసలు నోరు జారకండి.

కొన్ని ప్రశ్నలు కొక్కెంలా ఉంటాయి. "కావేరి అయిదో దశ వచ్చేసింది కదా, ఇక మీ ట్యాంకులు ఎందుకు?" అంటారు. 2024 అక్టోబరులో ప్రారంభమైన ఆ పథకం రోజుకు 77.5 కోట్ల లీటర్లతో నగరంలో కలిసిన 110 గ్రామాలకు కావేరి నీళ్లు ఇవ్వడానికి ఉద్దేశించింది. ఈ ప్రశ్నకు గింజుకునేవాళ్లే ఎక్కువ. మన వాన నీటి ఆయన ఇలా చెప్పవచ్చు: "ఆ నీళ్లు సుమారు వంద కిలోమీటర్ల నుంచి ఎత్తిపోసి తెస్తున్నవి, వాన డాబా మీదే పడుతుంది, రెండూ కావాలి. అయితే సంపు చిన్నదిగా ఉన్నవాళ్లు పెద్ద ఖర్చు పెట్టకండి, బోరు పక్కన ఇంకుడుగుంత చాలు." ఆ చివరి మాటతో ఆయన తన బేరం ఒకటి తానే పోగొట్టుకున్నారు. వార్తలో నిలిచేదీ అదే.

7. కెమెరా, కన్నడం

టీవీవాళ్లు పది నిమిషాలు మాట్లాడించి ఇరవై సెకన్ల ముక్క (బైట్) వాడుకుంటారు. కాబట్టి ముఖ్యమైన మాట మొదటే చెప్పండి, ప్రతి జవాబునూ మరో ప్రశ్నతో పని లేకుండా పూర్తి వాక్యంగా చెప్పండి. వెనకాల దుకాణం బోర్డు కనబడేలా నిలబడతానని పట్టుబట్టకండి. పని జరుగుతున్న చోట నిలబడితే బొమ్మా బాగుంటుంది, నమ్మకమూ కలుగుతుంది.

బెంగళూరులో తెలుగు ఒక్కదానితో ఎంతో దూరం వెళ్లలేరు. మీ రంగానికి సంబంధించిన ఇరవై వాక్యాలు కన్నడంలో తడబడకుండా చెప్పడం నేర్చుకోండి. లిపి మనదానికి దగ్గర కాబట్టి కన్నడ పత్రిక చదవడం కొద్ది వారాల పని. యాస గురించి బెంగ వద్దు. ప్రయత్నించేవాళ్లను ఇక్కడివారు ఆదరిస్తారు.

8. డబ్బు అడిగితే

పేరు కాస్త బయటికి రాగానే ఇంకో రకం ఫోన్లు మొదలవుతాయి. "మీకు ఉత్తమ వ్యాపారవేత్త పురస్కారం, హోటల్లో సభ, ఇంత కట్టండి." "పూర్తి పేజీ కథనం, వార్తలాగే ఉంటుంది." ఉగాదికి, ఆగస్టు 15కు శుభాకాంక్షల ప్రకటన ఇమ్మని కూడా అడుగుతారు. ప్రకటన ఇవ్వదలిస్తే ప్రకటనగానే ఇవ్వండి, రసీదు తీసుకోండి. డబ్బిచ్చి వార్త వేయించుకోవడాన్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి. కొన్న పురస్కారాన్ని గోడకు తగిలించడం వీధిలో అందరికీ తెలిసిన రహస్యం. యూట్యూబు ఛానలువాళ్లకు డబ్బో, ఉచిత సేవో ఇచ్చి మాట్లాడించుకుంటే ఆ సంగతి వీడియోలో స్పష్టంగా చెప్పాలని కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు అంటున్నాయి.

కొన్ని వృత్తులవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. న్యాయవాదులు పని కోసం ప్రచారం చేసుకోవడాన్ని, తాము నడిపే కేసులపై పత్రికల్లో వ్యాఖ్యలు రాయించుకోవడాన్ని బార్ కౌన్సిల్ 36వ నిబంధన నిషేధిస్తోంది. చార్టర్డ్ అకౌంటెంట్లకు, వైద్యులకు కూడా ప్రచారం మీద ఆంక్షలున్నాయి. షేర్ల సలహాలు అమ్మడానికి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదు కావాలి. కొన్ని జబ్బులు నయం చేస్తామని మందును ప్రచారం చేస్తే 1954 నాటి చట్టం కింద కేసు.

9. వార్త వచ్చాక

ఆ ఉదయం ఫోను ఎత్తే మనిషి ఒకరుండాలి. ఇది రాయడానికి చిన్న సంగతే, కానీ వార్త వచ్చిన రోజే యజమాని డాబా మీద పనిలో ఉండి పిలుపులన్నీ వృథా అయ్యే దుకాణాలు చాలానే ఉంటాయి. ఫోను చేసిన ప్రతివారినీ ఎక్కడ చూశారో అడిగి రాసుకోండి. ఏ పత్రిక మీకు పని తెచ్చిందో, ఏది ఉత్త పేరు తెచ్చిందో అప్పుడే తెలుస్తుంది. వార్త లింకును ఖాతాదారులకు పంపండి. విలేకరికి ఒక్క వాక్యంలో కృతజ్ఞత చెప్పండి, మిఠాయి పెట్టెలు వద్దు. విలేకరులు పత్రికలు మారుతుంటారు, నంబరు మాత్రం మారదు. పాత పరిచయం కొత్త పత్రికకు దారి తీస్తుంది.

మీ మాట తప్పుగా వస్తే వెంటనే గొడవకు దిగకండి. పేరో, అంకో తప్పయితే విలేకరికి ఒక సందేశం పెడితే వెబ్‌సైటులో చాలావరకు ఆ పూటే దిద్దుతారు. మీరు అనని మాట అన్నట్టు వచ్చి వ్యాపారానికి దెబ్బ తగిలితే సంపాదకుడికి లిఖితపూర్వకంగా రాసి, నకలు దాచుకోండి. అక్కడ న్యాయం జరగకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల లోపే పంపాలి. టీవీ, యూట్యూబు దాని పరిధిలోకి రావు.